తమ్ముడి ఒంటి వేడి

మా తమ్ముడు సదానందానికి బొడ్డు దగ్గర ఆపరేషన్ అయి ఎనిమిది రోజులైంది. మూడు నెలలు మగ్గం ముట్టొద్దని, కుట్లు తెగితే మళ్లీ కోయాల్సి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు ఆ మాట వింటారన్న నమ్మకం నాకు లేదు. అందుకే కాపలాగా వాళ్లింట్లోనే ఉన్నాను.

ఆ పొద్దున చలి బాగా ఉంది. నేను స్నానం చేసి వచ్చేసరికి వాడు చొక్కా లేకుండా, కడుపు మీద తువ్వాలు కప్పుకుని మంచం మీద కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుంటే వేడిగా తగిలింది. చలికాలంలో మావాళ్ల ఒళ్లు అలా కాగేది మగ్గం మీదే. పంజాతో, అంటే ఇనుప పళ్ల దువ్వెనతో, పోగును దెబ్బ మీద దెబ్బ కొడుతుంటే అరగంటకే చొక్కాలు విప్పేస్తారు.

“మగ్గం మీద కూసున్నవా?” అన్నాను.

“ఊకె ఉంటే చేతులు గుంజుతాన్నయక్కా. జర నాలుగు పోగులు కొట్టిన. తప్పైంది, తిట్టు.”

వాడు తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు మూతికి బెల్లం అంటుకుని ఉన్నా తినలేదని వాదించినవాడు. నాకు అనుమానం వచ్చింది.

వాడి కూతురు ఇందు, ఇంటర్ చదివే పిల్ల, చాయ్ తెచ్చింది. “కండలు పనిచేస్తె వేడి పుడ్తది అత్తమ్మా. పని ఆపితే జరసేపట్ల తగ్గుతది. ఫికర్ చేయకు.”

చాయ్ తాగేదాకా ఆగి మళ్లీ చెయ్యి పట్టుకున్నాను. వేడి తగ్గలేదు, పెరిగింది. వాడి చేతుల మీద వెంట్రుకలు చలికి నిక్కబొడుచుకున్నాయి.

“చెమటేదిరా?”

“చలికి ఆరింది.”

లేచి మగ్గం దగ్గరికి వెళ్లాను. నేసేవాడు లేచిపోయినా కూర్చున్న పలక కాసేపు వెచ్చగానే ఉంటుంది. మా ఆయన ఎంతసేపటి కింద లేచాడో పలక ముట్టి చెప్పేదాన్ని. ఈ పలక నీళ్లకుండలా చల్లగా ఉంది. పంజా పళ్ల మధ్య సాలీడు గూడు కట్టుకుంది.

తిరిగొచ్చి తువ్వాలు లాగాను. పట్టీ చుట్టూ ఎర్రగా ఉబ్బి ఉంది.

“ఎన్నడి సంది?”

“నిన్నటి సంది.” తల వంచుకున్నాడు. “జరమని చెప్తె దవాఖానకు తోలుతవు. మళ్ల కోస్తరు.”

“గందుకని చెయ్యని దొంగతనం ఒప్పుకున్నవా?”

“తిట్లయితే పడొచ్చు గదా.”

ఇందు అప్పటికే ఆటో కోసం ఫోన్ చేస్తోంది. వాడికి నేనే చొక్కా తొడిగి బొత్తాలు పెట్టాను. ఆటో మట్టెవాడ దాటుతుంటే వాడు నా భుజానికి ఆనుకుని, “చలి పెడ్తాందక్కా” అన్నాడు. నిన్నటి నుంచి నేను అడగకుండా వాడు చెప్పిన నిజం అదొక్కటే.