రెండవ గుక్క

ఆషాఢమాసాంతమున నొకనాటి సాయంకాలము కాలమేఘములు తూర్పుసముద్రముమీద గుంపులుగూడి యాకాశమునకును జలరాశికిని నడుమనున్న గీతను దుడిచివైచెను. వాల్తేరు తీరమునందలి ఱాళ్లపై దరంగములు విఱిగి తెల్లని నురుగు గ్రక్కుచు వెనుకకు మరలుచుండ దడిసిన యిసుకవాసనయు నుప్పుగాలియు గలసి మెట్టమీది కూర్మనాథముగారి హోటలు వసారాలోనికి జొరబడుచుండెను. ఏటేట నీ ఋతువున నా వసారాయందే రసజ్ఞమండలివారు సమావేశమై ఐరోపాఖండమున బీరు కాచు చిన్న చిన్న కార్ఖానాలనుండి సీసాలను దెప్పించి పేరు గానరాకుండ గుడ్డతొడుగులు దొడిగి రుచిచూచి మార్కులు వేయుట యాచారము.

ఆ మండలికి బెద్దతలకాయ ప్రభంజనరాజుగారు. తేయాకు రుచిచూచుటయే వృత్తిగా నీలగిరులయందు యౌవనమంతయు గడపి యాకు నమలకయే తోటపేరు చెప్పగల ఘనులని పేరొందినవారు. ఆయనకు రెండు నియమములు గలవు. రుచిచూడవలసినవన్నియు నొక్కతీరున నుండవలెననుట మొదటిది. ఒక్క గుక్కతోనే తీర్పు చెప్పవలెననుట రెండవది. రెండవ గుక్క త్రాగువాడు తన నాలుకను దాను నమ్మనివాడని యాయన సిద్ధాంతము.

ఈ నియమమును మనుష్యులకుం గూడ వర్తింపజేయుటయే వచ్చిన చిక్కు. చెల్లెలు మదాలస గెంటు నగరప్రాంతమున బీరు కాచి బ్రదుకు యోరిస్ అను బెల్జియము దేశస్థుని వరించి యింటికి దోడ్కొని వచ్చినపుడు రాజుగారతనిని గుమ్మమునందే యొక్కమా ఱెగాదిగ జూచి "కల్లుపాకవానితోనా మన వియ్యము?" అని లోనికేగిరి. తాము సాయంకాలములందు బీరు చప్పరించుట రసికతయు నన్యుడు దానిని గాచుట నీచమును నెట్లయ్యెనో యాయనకే యెఱుక. గురివిందగింజ తన నలు పెఱుంగదు గదా. గడప దొక్కకయే మరలిన యా దంపతులు మరల రాలేదు. గడచిన శీతకాలమున యోరిస్ మరణించెనని విన్నపుడును రాజుగారొక్క మాటయైన వ్రాయలేదు. వ్రాయవలెనని తలపోయని దినము లేదు. తల వంచుటయే యాయనకు జేతగాలేదు.

ఆనాడు మండలివారింకను గూడకమునుపే కూర్మనాథము రాజుగారిని బ్రక్కకు బిలిచి మెల్లగా నిట్లనెను.

"రాజుగారూ, మదాలసమ్మ యీ యూరనే యున్నది. ఈ రాత్రికే పయనమట. ఒక్కమాఱు చూడరాదా?"

రాజుగారొకడుగు మెట్లవైపు వేసిరి. అయినను నోటినుండి వెలువడిన మాట వేఱు.

"కావలసినచో నామెయే వచ్చుగాక. పెద్దవాడను నేనేల పోవలెను?"

కూర్మనాథము చూపు ప్రక్కగదివైపు మరలెను. ఏలయన మదాలస యప్పటికే వసారా ప్రక్కగదిలో వెదురుతడిక మాటున గూర్చుండియుండెను. యోరిస్ తన చివరియేట గాచిన నల్లని బీరులో మిగిలిన యొక్కగానొక్క సీసాను సముద్రములు దాటించి తెచ్చి కూర్మనాథముచేత బెట్టి యామె యిట్లు చెప్పియుండెను: "మా యన్నకు నాపై గోపముండవచ్చును గాని యాయన నాలుకకు గోపములేదు. తక్కినవానితో దీనిని గలిపి పెట్టుడు. ఆయన మెచ్చినచో వచ్చి పాదములంటెదను. మెచ్చనిచో వచ్చిన త్రోవనే పోయెదను. ఒక్కటి మఱవకుడు. దీనిని మాత్రము మంచులో నుంపరాదు."

తక్కిన సీసాలన్నియు మంచుగడ్డల తొట్టిలో మెడలవఱకు మునిగియుండ నొక్కటి మాత్రము బల్లమీద విడిగా నిలుచుట రాజుగారి కంటబడెను.

"ఈ సీసాకేమి ప్రత్యేకమర్యాద?"

"చల్లబఱుపవలదని పంపినవారి మాట."

"ఒకరికొక న్యాయమును వేఱొకరికి వేఱొక న్యాయమునా? తేయాకు గిన్నెలన్నిటిని నొక్కవేడిమిని నిలిపి తీర్పు చెప్పినవాడను. తొట్టిలో ముంపుము."

పండ్లు జివ్వుమనని బీరు బీరేకాదను మండలివారందఱును దలలూపిరి. కారణము చెప్పినచో గుట్టు బయలగును. చెప్పకున్నచో రుచి చచ్చును. కూర్మనాథము ముందు నుయ్యి వెనుక గొయ్యిగా క్షణకాలము తటపటాయించి తుదకు సీసాను మంచులో ముంచెను.

పిమ్మట రుచిచూచుట సాగెను. బవేరియావారి గోధుమబీరు మగ్గిన యరటిపండువలె గుమగుమలాడుచుండ దానికి రాజుగారెనిమిది మార్కులు వేసిరి. బొహీమియావారి బంగారుచాయ బీరునందలి చేదును మెచ్చి తొమ్మిది యిచ్చిరి. అంతట నల్లనిది వచ్చెను. రాజుగారొక గుక్క పుచ్చుకొని కనులు మూసిరి. తిమ్మిరెక్కిన నాలుకకు జల్లదనము దప్ప మఱేమియు దోపలేదు.

"పదింట మూడు," అని తీర్పు చెప్పి యంతటితో నూరకుండక నవ్వుచు "ఇది బొగ్గులు గడిగిన నీరు. కాచినవాడు తన యింట ద్రాగలేక మనకంపినట్లున్నాడు" అని చేర్చిరి.

వసారా నవ్వులతో మాఱుమ్రోగెను. అన్నిటికంటె దక్కువ మార్కులు వచ్చినదానిని గట్టుక్రింది యిసుకలో బాఱబోయుట యా మండలివారి వేడుక. ఎవరో లేచి సీసాను దలక్రిందులు చేసిరి. తడికవెనుక గుర్చీ కదలిన చప్పుడైనను నెవ్వరును బాటింపలేదు. కూర్మనాథము మాత్రము నవ్వక తడికవైపు చూచెను.

అంతలో వాన విఱుచుకొనిపడెను. వేడివేడి వంజరపుజేప వేపుడు వచ్చినదని విని మండలివారు లోనికిం బరువెత్తిరి. రాజుగారికి దినబుద్ధి పుట్టలేదు. చెల్లెలు నిజముగా గబురుపెట్టకయే పోవునా యని చింతించుచు వానజల్లు చూచుచు జేతికందిన గ్లాసును రెండరచేతుల నడుమ జాలసేపు పట్టుకొని కూర్చుండిరి. అది యా నల్లబీరు మిగిలిన గ్లాసే. చలి విడిచినకొలది దానినుండి యేదో పరిమళము లేచెను.

తాటిబెల్లము. దానివెంట శొంఠి.

ముసురుపట్టిన దినములయందు దల్లి తాటిబెల్లపుబాకమున శొంఠి వేసి మరగించి బిడ్డలిద్దఱకు నిచ్చుచుండెడిది. రాజుగారు తమ వంతులో నడుగుది చెల్లెలికే మిగిల్చెడివారు. జన్మలో మొదటిసారి నియమము దప్పి యాయన రెండవ గుక్క పుచ్చుకొనిరి. అది గొంతు దిగుచుండ గన్నులు చెమర్చెను.

"కూర్మనాథమూ! ఇది యెవరిది?"

"మీ బావగారిది. మీ కొఱకే కాచినదట. మదాలసమ్మ యింతసేపు ఆ తడికవెనుకనే యుండి మీ నవ్వు విని యిప్పుడే మెట్లు దిగినది."

రాజుగారు గ్లాసు చేతబట్టుకొనియే చెప్పులైన లేక మెట్లు దిగి వానలో బడి పరువిడిరి. కారు కదలనుండెను. అద్దము దిగెను. తెల్లబడిన వెండ్రుకలతో మదాలస మొగము కనబడెను.

"మదాలసా! తప్పు చెప్పితిని. ఇది తాటిబెల్లము. ఇది మన యమ్మ చేతిది. ఇంతటి రుచి నే నెన్నడు నెఱుంగను!"

మదాలస యన్నచేతి గ్లాసును జూచెను. ఆ చూపున కోపము లేదు. కన్నీరును లేదు.

"నేను మాటలలో జెప్పిన రుచిని బట్టుటకు మా వారికేండ్లు పట్టినది. మీ యన్నగారు త్రాగి యేమందురో యని మంచమునబడియు నడుగుచుండెను. ఈ మాట నాకేల చెప్పెదవన్నయ్యా? వినవలసినవాడు వినకయే పోయెను."

అని యామె గ్లాసునందుకొని యడుగున మిగిలిన చుక్కను దాను ద్రాగి ఖాళీగ్లాసును మరల నన్నచేతికిచ్చెను. "వెళ్లివచ్చెద" నని యనలేదు. కారు వానలో గలిసిపోయెను.

మఱుసటియేడు నాషాఢమున మండలివారు మరల గూడిరి. రాజుగారును వచ్చిరి. తక్కినవారు త్రాగి మార్కులు వేసి ముగించినను నాయన మాత్రము తమ గ్లాసును రెండరచేతుల నడుమ బొదివికొని సముద్రమువైపు చూచుచు గూర్చుండిరి. మీ తీర్పేమని యొకరడుగ నాయన తలయెత్తకయే "తొందరపడకుడు. ఇది యింకను వెచ్చబడలేదు" అనిరి.