మొదటి పేరు

శ్యాంసుందర్ చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే నొక్కుతున్నాడు. కరీంనగర్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో, ల్యాబులో టైపు మిషన్లు ఉన్న కాలం నుంచీ ఆయన ఉన్నాడు. పొట్టి మనిషి. నుదుటి మీదికి ఎత్తిన కళ్ళజోడు, జేబు అంచున పాత సిరా మరక. పిల్లలు లినక్స్ నేర్చుకునేది సర్వరు లోపల విడిగా నడిచే ఒక కంటెయినర్‌లో. దాన్ని కొత్తగా పెట్టినప్పుడల్లా లోపలి యూజర్లందరూ పోతారు. ఫైళ్ళు బయటి డిస్కులో పదిలంగా ఉంటాయి. పేర్లు మాత్రం మళ్ళీ చేర్చాలి.

ఆయన చేర్చే మొదటి పేరు ఎప్పుడూ వినోద. ఆయన భార్య. మధ్యాహ్నం అన్నం తెచ్చి, ఆయన తినేదాకా ఊరికే కూర్చోలేక టైపింగు నేర్చుకుంటానంది. యూజర్ పేరు లేనిదే ఆ తెర ఎవరినీ రానివ్వదు. అందుకని చేర్చాడు.

కాలేజీకి కొత్తగా వచ్చిన లెక్చరర్ నవ్యశ్రీ వెనక నిలబడి చూసింది.

"సార్, గీ వినోద ఎవలు? మన అడ్మిషన్లల్ల లేదు గద."

"మా ఇంటామె, మేడం."

"అబ్బో, లినక్స్ గూడ వచ్చా! మా ఆయనకు ఫోన్ల అలారం పెట్టరాదు." నవ్వింది. "గని తీసెయ్యుండ్రి సార్. రేపు తనిఖీకి వస్తరు. బయటోళ్ళ పేరుంటే పరేషాన్ జేస్తరు."

"ఆమె ఇప్పుడు వస్తలేదు మేడం" అని కళ్ళజోడు దించుకున్నాడు.

ఆ పేరు తీసేసి, విద్యార్థుల్లో మొదటివాడు విక్రాంత్ పేరుతో మొదలుపెట్టాడు. ఇంగ్లిషులో మొదటి రెండు అక్షరాలూ వినోదకూ అతనికీ ఒకటే. మూడో అక్షరం దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత శ్రేయ, రుచిత, మిగతావాళ్ళు.

క్లాసు మొదలవగానే గోల లేచింది.

"సార్, నా ఫోల్డర్ నాకే తెరుచుకుంటలేదు!" అంది రుచిత.

"నాకు విక్రాంత్‌ది తెరుచుకుంటుంది సార్. ప్రాజెక్ట్ అయిపోయిందన్నడు, మొత్తం ఖాళీ!" అంది శ్రేయ.

విక్రాంత్ తెర మీద వినోద ఫోల్డర్ ఉంది. బీరకాయ, బెండకాయ, చిక్కుడుకాయ అని వరుసగా టైపు చేసిన పేజీ.

"కూరగాయల బండి ఎప్పుడు పెట్టినవురా?" వెనక బెంచీ పగలబడి నవ్వింది.

శ్యాంసుందర్ యూజర్ల జాబితా తెరిచి చూశాడు. తప్పు తనదే. సర్వరు మనిషిని గుర్తుపట్టేది పేరుతో కాదు, చేర్చిన వరుసలో దానంతట అది ఇచ్చే నంబరుతో. వినోద లేకపోయేసరికి అందరూ ఒక చోటు ముందుకు జరిగారు. ఒకరి ఫైళ్ళు ఇంకొకరి పాలయ్యాయి.

"ఇప్పుడెట్ల సార్?" నవ్యశ్రీ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"మొదట ఆమెను చేరిస్తే అన్నీ సక్కగైతయి. లేకుంటే ఒక్కొక్కలకు చేత్తోని నంబరియ్యాలె. గట్లయితే ఆమె అక్కర్లేదు."

"పేరు తీసుడు ఆమెకు ఇష్టమో లేదో, ఒకమాట అడుగుండ్రి సార్."

ఆయన కీబోర్డు వైపే చూస్తూ అన్నాడు. "అడుగనీకి లేదు మేడం. పోయిన కార్తీకంల కాలం జేసింది."

జైనూర్ దగ్గర ఆమె పుట్టిన ఊళ్ళో దినాలు చేసి వచ్చి, మర్నాడే ల్యాబు తాళం తీశాడు. ఇంటి దగ్గర తాళం తీయడమే కష్టంగా ఉండేది.

నవ్యశ్రీ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉండనియుండ్రి సార్. లాగిన్ ఒక్కటి బంద్ జేయుండ్రి. తనిఖీకి వచ్చినోళ్ళతోని నేను మాట్లాడుత."

యూజర్లందరినీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. మొదట వినోద. ఆమె వెనక అందరూ ఎవరి చోటికి వాళ్ళు చేరారు. పిల్లలు ఫైళ్ళు తెరుచుకుని, పని చేసుకుని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఖాళీ గదిలో ఆయన కాగితంలో తెచ్చుకున్న అటుకులు తిన్నాడు. చేతులు కడుక్కొచ్చి, ఇక ఆ పేరుతో ఎవరూ లోపలికి రాకుండా మూసే కమాండు టైపు చేసి ఎంటర్ నొక్కాడు. పని సరిగ్గా జరిగితే అది ఏమీ పలకదు. ఏమీ పలకలేదు.

కిటికీ పక్క కంప్యూటరు మీద, వినోద తన పాత చీర చించి కుట్టిన గలేబు, ఒక మూల దారం ఊడి, ఫ్యాను గాలికి కొద్దిగా లేస్తూ పడుతూ ఉంది.