సరుకు చూశాకే ముద్ర

ఖిదిర్‌పూర్ ఓడరేవు దగ్గర గోనెసంచులు అమ్మే అప్పలసూరిది ఒకటే లెక్క. సంచి మీద ముద్ర ఒకటి, లోపల సరుకు ఇంకొకటి అయితే ఆ వర్తకుడి గడప తొక్కకూడదు. నవంబరు ఇరవై ఆరున, రాజ్యాంగ దినోత్సవం నాడు, తెలుగు సంఘం హాల్లో కూర్చుని అతను పళ్లు కొరుకుతున్నది అందుకే.

గుమ్మం పక్కన నల్లరాయి నిలబెట్టారు. దాని మీద రాజ్యాంగ పీఠిక తెలుగులో చెక్కించారు. అతని కొట్లోంచి తెచ్చిన గోనె విప్పి ఆవిష్కరణ కూడా చేశారు. ఇక కొత్త నియమానికి చేతులెత్తాలి: తెలుగు చదవడం వచ్చినవారికే సంఘంలో ఓటు. భాష బతకాలంటే అదే మందని కొత్త మేడల పేట న్యూ టౌన్‌లో ఉండే కార్యదర్శి రఘురాం వాదన.

పక్కన దాలమ్మ కూర్చుంది. ఈ హాలుకు ఇటుకలు మోసిన మనిషి. ఆమెకు ఏ అక్షరమూ రాదు. అప్పలసూరి చదివింది బంగ్లా బడి. తెలుగు నోటికే తప్ప కంటికి రాదు.

రఘురాం మైకు అందుకున్నాడు. "పీఠిక పుస్తకంలో ముందుంటుంది. కానీ రాజ్యాంగ సభ దాన్ని చివర్లో ఆమోదించింది. లోపలి అధికరణాలన్నీ తేలాక, వాటికి సరిపోతుందో లేదో చూసుకోవడానికి."

అప్పలసూరి లేచాడు. "అంటే సంచి నింపి, సూసుకుని, అప్పుడు ముద్రేసారు. మంచి వర్తకమే. మొదటి ముక్క ఏటి రాసుంది బాబూ?"

"భారత ప్రజలమైన మేము."

"సదువొచ్చిన మేము అని లేదు గదా. మరి నువ్వేటి మమ్మల్ని ఏరి పారేస్తన్నావు?"

"అది దేశం సంగతి దాదా. ఇది భాషా సంఘం."

"అయితే దేశం రాయి మా గుమ్మంలో దేనికెట్టావు? అందానికా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రఘురాం మొహం ఎర్రబడింది. "నేర్చుకోండి. అంత కష్టమేముంది?"

"సరే. ముందు మీ అమ్మాయి సేత సదివించు."

రఘురాం కూతురు హరిచందన పుట్టింది, పెరిగింది ఈ ఊళ్లోనే. రాయి దగ్గరికి వచ్చి మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. చివరికి "పార్‌బో నా, బాబా," చదవలేను నాన్నా అని బంగ్లాలోనే గొణిగింది.

"నీ ఓటూ పోయింది తల్లీ. రా, మా జట్టులో కూసో," అన్నాడు అప్పలసూరి. దాలమ్మ జరిగి చోటిచ్చింది.

చేతులెత్తమన్నారు. రఘురాం చెయ్యి సగం లేచి ఆగింది. మిగతా చేతులూ ఆగాయి.

"ఆగితే సాలదు. ఆ నియమం కొట్టెయ్యి." అప్పలసూరి గోనె తీసి రాయి మీద కప్పాడు.

"ఏటి సూరీ, మూసేసావు?" అంది దాలమ్మ.

"సరుకు తేలాక తెరుద్దుం పిన్నీ."

రఘురాం నియమాల కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. అప్పలసూరి గోనె మీద చెయ్యి వేసి, ఆ పెన్ను కొత్త నియమం మీద అడ్డగీత గీసేదాకా చూస్తూ నిలబడ్డాడు.