కడవ కింది ఒడ్డు

ఎండలు ముదిరాయంటే హుస్సేనీ ఆలంలో నీళ్ల కడవ కింద ఇసుక మార్చడం ప్రతి ఇంటా ఉన్న పనే. మూసీ నుంచి గంపెడు తెచ్చి పరిచి, దాని మీద కడవను కుదురుగా కూర్చోబెడతారు. ఇసుక ఎత్తే ముందు మాత్రం చెంబెడు నీళ్లు కుమ్మరించాలి. పప్పుబద్దంతేసి రాగిరంగు పురుగులు బిలబిలా బయటికొస్తాయి. వాటిని ఏటికే వదిలెయ్యాలి. ఎందుకంటే అవి ఎక్కడుంటే ఒడ్డు అక్కడికి వస్తుంది.

తడిస్తే బరువవుతుందని ఈసారి రుక్మాబాయి నీళ్లు పోయలేదు. ఒక పురుగు ఇసుకతోపాటు ఇంటికొచ్చేసింది.

మూడోనాటికి కడవ చుట్టూ జానెడు నీళ్లు వచ్చి పోవడం మొదలైంది. పక్కింటి కళావతి తన గిన్నెలు కూడా అక్కడే కడుక్కుని వెళ్లింది. అత్త సత్తెమ్మ మాత్రం ఊరుకోలేదు.

"గోడలు నానవట్టె. దాన్ని ఏట్ల ఇడిసిపెట్టి రాపో."

"రేపు పోత అత్తమ్మా" అంటూనే రుక్మాబాయి ఆషాఢం దాకా లాక్కొచ్చింది.

ఒకరోజు ఏటి అవతల బేగంబజారుకు పాలు పొయ్యడానికి వెళ్లిన ఆమె మొగుడు ఎల్లయ్య మధ్యాహ్నమైనా రాలేదు. వంతెన మీదుగా చుట్టు తిరగడం అతనికి బద్ధకం, ఏట్లో అడ్డంగా నడిచొస్తాడు. పైన వాన పడి మూసీ ఒక్కసారిగా వచ్చిందని వీధంతా లొల్లి. ఎల్లయ్యకు ఈత రాదు.

రుక్మాబాయి వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగి తిరిగి చివరికి ఏడ్చేసింది. "ఒడ్డును నేనే ఎత్తుకొచ్చిన అత్తమ్మా. ఆయనకు ఆడ లేకుండ చేసిన."

సత్తెమ్మ ఇసుక దగ్గరికి వంగి చూసింది. "కడవ తియ్యి" అంది.

"ఎందుకు?"

"ఈ ఒడ్డు చిన్నగుంది. వానికి కాలు ఆనాలె గద."

ఇద్దరూ కడవ దించి, ఇసుకను చేతులతో గడప దాకా పరిచారు. పురుగు గబగబా గడప దాకా పరిగెత్తి ఆగింది. వెనకాలే బురదనీళ్లు వచ్చాయి. పొయ్యి ఆరిపోయింది. ముందు ఖాళీ పాలబిందె తేలుతూ వచ్చింది. రుక్మాబాయి దాన్ని అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఒక చెయ్యి వచ్చి ఇసుకను పట్టుకుంది.

ఎల్లయ్య పాకుతూ గడప దగ్గరికొచ్చి చాలాసేపు దగ్గాడు. "ఒడ్డు గింత దగ్గరుందా" అన్నాడు.

సాయంత్రం సత్తెమ్మ ఇసుకంతా దగ్గరికి తోసి, పురుగు అందులో దూరేదాకా ఆగి, కడవను మళ్లీ దాని మీద పెట్టింది. గోడలు నానుతున్నాయని ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.