కాలిన చొక్కా తగువు

మా వీధిలో ఈ కొస ఒకరిది, ఆ కొస ఇంకొకరిది అయిపోయిన రోజుల మాట ఇది. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకున్నారో నన్నడక్కండి, కొట్టుకున్నవాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. మధ్యలో ఇనుప గేటు, ఇసుక బస్తాలు, ఒక రేకుల షెడ్డు. వాటికి కాపలాగా నీలం టోపీల పరదేశపు సిపాయిలు. శాంతి నిలబెట్టడానికి వచ్చారు పాపం. చేతిలో తుపాకీ ఉంటుంది, పేల్చకూడదు. బండి ఉంటుంది, పైనుంచి కాగితం వస్తేగానీ కదలదు. ఆరు నెలలకొకసారి వాళ్ళ కెప్టెన్ మారతాడు. ఏ ఇల్లు ఎవరిదో తెలిసేసరికి ఆయన పెట్టె సర్దుకుంటాడు.

వాళ్ళ బట్టలు ఉతికే పని నాది. పనంతా మా వైపే ఇస్తే అటువాళ్ళు ఊరుకోరని, ఉతుకుడు మాకూ ఇస్త్రీ అటువాళ్ళకీ పంచారు. అటు ఇస్త్రీ చేసేది ఒకప్పటి మా పక్కింటాయనే. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయన భార్య నర్సు. మా ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆ వదిన చేతులే.

మా అల్లుడు ఆ సిపాయిల దగ్గర దుబాసీ. ఇటువాడు అటువాడి ఏడు తరాలనీ తిట్టిపోస్తే, "వీరు కొంత అసంతృప్తిగా ఉన్నారు" అని కెప్టెన్‌కి చెప్పేవాడు. ఆ మాత్రం శాంతైనా ఉందంటే సగం అతని చలవే.

గేటు పూర్తిగా మూయకముందు వదిన మా అమ్మాయి పొట్ట తడిమి చూసింది. "బిడ్డ అడ్డంగా ఉంది. నొప్పులు రాగానే కబురు పెట్టండి. తిప్పడం నాకు తెలుసు, మీరెవరూ చెయ్యి పెట్టకండి" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. మా వైపు ఆసుపత్రికి గోడలున్నాయి, డాక్టర్లు లేరు. ఒకరోజు పొద్దున్నే ఎనిమిదింటికి నొప్పులు మొదలయ్యాయి.

అల్లుణ్ణి వెంటబెట్టుకుని కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాను. తలుపు దాటినప్పుడల్లా నుదురు కొట్టుకునేంత ఎత్తు మనిషి. మేం పొడుగాయన అనేవాళ్ళం.

"మనిషి గేటు దాటాలంటే రెండు వైపుల సంతకాలూ కావాలి. ఒకరోజు ముందే అర్జీ పెట్టాలి" అన్నాడు.

"బిడ్డని ఒకరోజు ఆగమని ఆయన్నే చెప్పమనండి, మీరు తర్జుమా చేద్దురుగాని" అన్నాను అల్లుడితో. 

పొడుగాయన చెడ్డవాడు కాదు. ఆయనకి ముందున్న కెప్టెన్ జాలిపడి ఒక రోగి కారుని వదిలాడు. వాళ్ళ పక్షం చేరావా అని రెండోవైపు నుంచి ఆ సాయంత్రమే కాల్పులు. పదిహేను రోజులు నీళ్ళ ట్యాంకర్లు కూడా రాలేదు.

"ఒక్కరి కోసం తెరిస్తే అందరికీ మూసేస్తారమ్మా" అన్నాడు, నా ముఖంలోకి చూడలేక.

"ఆ గోడమీద అంటించిన రూళ్ళ కాగితంలో ఇంకే దారీ లేదా?" అని అల్లుణ్ణి అడిగాను.

అతను వేలు పెట్టి చదివాడు. "బట్టల తగువు ఒక్కటే అత్తయ్యా. ఉతికినవాళ్ళకీ ఇస్త్రీవాళ్ళకీ తగువొస్తే అదేరోజు షెడ్డులో విచారించాలి. తలా ఒక సాక్షిని తెచ్చుకోవచ్చు."

ఎప్పుడో మేజోళ్ళ జత పోయిందని మొదలైన గొడవ తుపాకుల దాకా వెళ్ళిందట. అప్పుడు రెండు వైపులవాళ్ళూ సంతకాలు పెట్టి రాసుకున్న రూలు అది.

 ఇంటికొచ్చి ఇత్తడి చెంబులో నిప్పులు పోశాను. గుండీ కుట్టమని నా దగ్గరుంచిన పొడుగాయన కవాతు చొక్కా, నిన్ననే ఇస్త్రీ అయి వచ్చింది. దాని వీపు మీద చెంబు పెట్టి, కమురు వాసన వచ్చేదాకా తీయలేదు. చొక్కాలో ఒక చంటిపిల్లల జుబ్బా మడిచిపెట్టి మళ్ళీ వెళ్ళాను.

"మా అన్నయ్య మీ చొక్కా కాల్చాడు. విచారించండి."

పొడుగాయన చొక్కా విప్పి వెలుతురుకి పట్టాడు. "ఇస్త్రీపెట్టె ఇంత గుండ్రంగా ఉంటుందా?"

నేను మడతలోంచి జారిన జుబ్బా వైపు చూశాను. ఆయన జుబ్బా తీశాడు. "ఇదీ కాలిందా?"

"లేదండీ. ఇంకా ఎవరూ తొడుక్కోలేదు."

 పొడుగాయన టోపీ పెట్టుకుని, "ఇది చాలా తీవ్రమైన ఆరోపణ" అన్నాడు. చొక్కానీ జుబ్బానీ ఒక సిపాయికిచ్చి అటు పంపాడు.

గేటవతల అన్నయ్య గొంతు మా వీధి దాకా వినిపించింది. "నలభై ఏళ్ళ నా ఇస్త్రీకి మచ్చ తెస్తుందా! పదండి, నా సాక్షితో సహా వస్తా!" పక్కన వదిన, చేతిలో సంచి.

నా సాక్షిని బట్టల బండిమీద కూర్చోబెట్టి అల్లుడే తోసుకొచ్చాడు. సాక్షులిద్దరూ షెడ్డులోకి వెళ్ళారు, తలుపు పడింది. మేం, కాగితాలతో పొడుగాయన బయట. లోపలి కేకలు గేటుకి చెరోవైపున్న రెండు పక్షాల కాపలావాళ్ళ చెవిన పడకూడదంటే తగువు గట్టిగా సాగాలి. అమ్మాయి అరిచినప్పుడల్లా నేను అన్నయ్య మీద ఇంకా పెద్దగా అరిచాను.

"కళ్ళు నెత్తికెక్కాయా అన్నయ్యా!"

"నీ ఉతుకుడికి రాళ్ళు కూడా చిరుగుతాయే చెల్లీ!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

అల్లుడి ధ్యాసంతా తలుపు మీదే. జీవితంలో మొదటిసారి ప్రతి తిట్టూ ఉన్నదున్నట్టు తర్జుమా చేశాడు.

ఉన్నట్టుండి లోపల సద్దుమణిగింది. నాకు తిట్టు తోచలేదు. అన్నయ్య కూడా నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. అల్లుడు రేకుల గోడకి తల ఆనించాడు. ఎంతసేపో తెలియదు.

అప్పుడు కేరుమంది.

రెండు వైపుల కాపలావాళ్ళూ పరిగెత్తుకొచ్చారు. "ఏమిటా శబ్దం?"

"కొత్త సాక్షి" అన్నాడు పొడుగాయన, కాగితం మీంచి తలెత్తకుండా.

వదిన తలుపు సందులోంచి తొంగిచూసింది. "ఆడపిల్ల. తల్లి బాగానే ఉంది. వారానికొకసారి నేను చూడాలి, ముందే చెప్తున్నా."

అల్లుడు అది కూడా తర్జుమా చేశాడు. పొడుగాయన రాశాడు: తగువు తేలలేదు. విచారణ వచ్చే వారానికి వాయిదా.

ఆ తరవాత ప్రతి వారం వాయిదాయే. తన ఆరు నెలల గడువు తీరి ఆయన వెళ్ళిపోతూ, కాలిన చొక్కాని కొత్త కెప్టెన్‌కి అప్పజెప్పాడు. కొత్తాయన ఆ గుండ్రటి మచ్చని చూశాడు, నా చంకలో నోట్లో వేలేసుకున్న మనవరాలిని చూశాడు, కలం తీశాడు.

"చాలా చిక్కు కేసు. మళ్ళీ వారం రండి."