ప్రొఫెసర్ గిరగిరా దగ్గు

ఆదివారం పొద్దున పదింటికి టీవీలో వచ్చే బొమ్మల సీరియల్లో ప్రొఫెసర్ గిరగిరా అనే తిక్క సైంటిస్టు ఉంటాడు. బట్టతల, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు, కాళ్ళకు రెండు రకాల చెప్పులు. వారానికో యంత్రం కనిపెడతాడు. మబ్బుల్ని పిండే యంత్రమో, ఇడ్లీలకు రెక్కలు మొలిపించే యంత్రమో, ఏదైతేనేం, చివరికది ఢామ్మని పేలాల్సిందే. దట్టమైన పొగలోంచి ఖళ్ళు ఖళ్ళుమని పేగులు తెగేట్టు దగ్గు వినిపిస్తుంది. ఆ తర్వాత మసి మొహంతో ప్రొఫెసర్ బయటికొచ్చి, "లెక్క కరెక్టే, లోకమే తప్పు!" అంటాడు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. పెద్దవాళ్ళేం తక్కువ తినలేదు, వాళ్ళూ నవ్వుతారు.

ఆ గొంతు మాచర్లలో నాపరాళ్ళు కోసే బ్రహ్మాజీది. ఈ సంగతి వాళ్ళ పేటలో తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే అతని భార్య నాగమల్లేశ్వరి చెప్పకుండా వదిలిపెట్టిన మనిషి లేడు. కూరగాయల బజారులో బెండకాయలు ఏరుకుంటూ కూడా, "మా ఆయన టీవీలో సైంటిస్టు" అనేది. బెండకాయలమ్మేవాడికి దాంతో ఏం పనో ఆమెకే తెలియాలి.

బ్రహ్మాజీ పదహారో ఏట నుంచి కోత మిషను దగ్గర రాతిపొడి పీలుస్తూ బతికినవాడు. ఖాళీ దొరికితే ఎవరి గొంతు పడితే వాళ్ళ గొంతు దించేసి తోటివాళ్ళను నవ్వించేవాడు. ఎవరో తీసిన అలాంటి వీడియో ఒకటి హైదరాబాదులో డబ్బింగు స్టూడియో నడిపే రఫీక్ కంటపడింది. అప్పట్నించీ నెలకు రెండుసార్లు సాగర్ మీదుగా బస్సులో వెళ్ళి, ప్రొఫెసర్‌కు గొంతిచ్చి వచ్చేవాడు. మిగతా రోజులు షరా మామూలే, రాళ్ళు కోసుకోవడం.

నిజానికి ఆ సీరియల్లో దగ్గు లేదు. మొదటి రోజు మైకు ముందు పేలుడు సీను చెబుతుంటే బ్రహ్మాజీకి ఉన్నట్టుండి దగ్గు తెర కమ్ముకొచ్చింది. వచ్చిన అవకాశం కాస్తా ఊడిందనుకుని బిక్కచచ్చిపోయాడు పాపం. అద్దం అవతల రఫీక్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. పొగలో ప్రొఫెసర్ నోరు కనబడదు కాబట్టి అతికించడానికి ఇబ్బంది కూడా లేదన్నాడు. అలా ఆ దగ్గు ప్రతి వారం ఖాయమైంది.

ఇక ఇంట్లో బ్రహ్మాజీ ఎప్పుడు దగ్గినా అది ప్రాక్టీసే. ఐదేళ్ళ కూతురు తేజస్వి "మళ్ళీ నాన్నా, మళ్ళీ!" అంటూ చప్పట్లు కొట్టేది. నాగమల్లేశ్వరి వంటింట్లోంచి, "ఏందయ్యా సైంటిస్టూ, మిషను పేలిందా?" అని కేకేసేది. అతను కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గి, ఆయాసపడుతూనే పాప వంక చూసి కన్నుకొట్టేవాడు. అలా రెండేళ్ళు నవ్వారు. కట్టుకున్న మనిషి రెండేళ్ళు దగ్గుతుంటే నవ్విన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటానని ఆమె ఇప్పుడు తన్ను తాను తిట్టుకోని రోజు లేదు.

మనిషి సగమైపోయాక గుంటూరు తీసుకెళ్ళారు. డాక్టరు ఎక్స్‌రే లైటుకు పెట్టి చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయిందన్నాడు. దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగాడు.

"జబ్బు దగ్గు కాదండీ అది" అంది నాగమల్లేశ్వరి. "టీవీలో దగ్గాలి గదా, దానికోసం దగ్గుతాడు."

డాక్టరు ఎక్స్‌రేను ఆమె వైపు తిప్పి, తెల్లటి మచ్చల మీద వేలు పెట్టి చూపించాడు. అతను కేకలేసినా బాగుండేది. మూడు నెలలకు బ్రహ్మాజీ పోయాడు.

నాన్న చచ్చిపోయాడని తేజస్వికి చెప్పారు. అది ఏడవలేదు. ముందే రికార్డు చేసిన ఎపిసోడ్లలో ప్రతి ఆదివారం నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు కాబట్టి, చచ్చిపోవడమంటే టీవీలోకి వెళ్ళిపోవడం అనుకుంది. ఆ పిచ్చితల్లికి అది కాదని చెప్పే గుండె నాగమల్లేశ్వరికి లేకపోయింది.

ఐదో నెలలో రఫీక్ ఫోన్ చేశాడు. పాత ఎపిసోడ్లు అయిపోయాయట, సామ్యేలనే కొత్తతనితో చెప్పిస్తున్నారట.

"గొంతు అచ్చం దించేశాడమ్మా, మీ పాప విన్నా తేడా తెలియదు. దగ్గే రావట్లేదు. ఎంత దగ్గినా దొంగదగ్గులాగే ఉంది. బ్రహ్మాజీ దగ్గుల్లో విడిగా దాచినవి మా దగ్గర నలభై దాకా ఉన్నాయి, వాటినే అతికించమని ఛానెల్ వాళ్ళు అంటున్నారు. మిమ్మల్ని అడక్కుండా చెయ్యడానికి నాకు మనసొప్పలేదు."

సరేనందామని ఆమె నోటిదాకా వచ్చింది. ఆ మనిషి ఊపిరి వారం వారం ఇంట్లో వినబడుతుందంటే ఎవరికి చేదు? అయినా ఎందుకో, "ముందు నాకు పంపండన్నా, వింటాను" అంది.

పాప బడికి పోయాక ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది. దగ్గులన్నీ మొదటి నుంచి చివరిదాకా వరసగా ఉన్నాయి. మొదట్లోవి సగం నటనే, గొంతులోంచి వచ్చినవి. పది దాటేసరికి ఛాతీలోకి దిగాయి. ఇరవై దాటాక నటన అన్నది మచ్చుకైనా లేదు. ముప్ఫై దాటాక దగ్గుకూ "లెక్క కరెక్టే" అనడానికీ మధ్య ఊపిరి కోసం అతను పెనుగులాడటం వినబడుతోంది. చివరిదాని తర్వాత రికార్డింగు ఆపలేదు. రఫీక్ గొంతు, "డాక్టరుకు చూపించు బ్రహ్మాజీ. ఇంట్లోవాళ్ళు ఏమనట్లేదా?" అంటోంది.

"ఇంట్లో నవ్వుతారు సార్" అన్నాడు బ్రహ్మాజీ. "పాపైతే చప్పట్లు కొట్టిద్ది. నవ్వనీండి. సంగతి తెలిస్తే ఇంక ఆ ఇంట్లో నవ్వేది ఎవురు? మీరు మాత్రం చెప్పమాకండి."

నాగమల్లేశ్వరి నోట్లో కొంగు కుక్కుకుంది. "నీ దుంప తెగ, తెలిసే ఊరుకున్నావా? నా నవ్వు కోసం పానం మీదికి తెచ్చుకుంటావా?" అని, లేని మనిషిని నోటికొచ్చినట్టల్లా తిట్టి తిట్టి ఏడ్చింది. అతని మీద కోపం కంటే తన మీద తనకే ఎక్కువ కోపంగా ఉంది.

మొహం కడుక్కుని రఫీక్‌కు ఫోన్ చేసింది. "ఆ దగ్గులు వాడమాకండన్నా. ఒక్కటి కూడా."

"పోనీ మొదట్లోవి, అవి బాగానే ఉన్నాయి గదమ్మా..."

"వాటికి నవ్వబట్టే మేము వాటి ఎనకమాల వచ్చినియ్యి ఇనలా. ఇంక ఎవురూ నవ్వటానికి ఈల్లేదు. మీ ప్రొఫెసర్‌ని దగ్గకుండా బయటికి రమ్మనండి."

రఫీక్, "అట్లాగేనమ్మా. నేను చెబుతాను వాళ్ళకు" అన్నాడు.

ఆ పై ఆదివారం నాగమల్లేశ్వరి టీవీ ముందు కూర్చుని పాపకు జడ వేస్తోంది. ప్రొఫెసర్ ఈసారి నీడల్ని ఇస్త్రీ చేసే యంత్రం కనిపెట్టాడు. అది పేలింది. తెర నిండా పొగ కమ్మింది. తేజస్వి చప్పట్లకు చేతులెత్తింది. పొగలోంచి ప్రొఫెసర్ నింపాదిగా నడిచొచ్చి, కళ్ళద్దాలు కోటుకు తుడుచుకుని, తన మాట తను చెప్పి వెళ్ళిపోయాడు.

"అమ్మా, నాన్న దగ్గలా!" అంది పాప. ఎత్తిన చేతులు అట్లాగే ఉన్నాయి.

"అవునమ్మా."

"నాన్నకి దగ్గు తగ్గిపోయింది!" పాప మొహం చాటంతైంది. గిర్రున వెనక్కి తిరిగింది. "మరి ఇంటికి ఎప్పుడొస్తాడు?"

ఎప్పటిలా ఏదో ఒకటి చెప్పి నవ్వించవచ్చు. నాగమల్లేశ్వరి జడపాయలు వదిలేసి పాప రెండు చేతులూ పట్టుకుంది.

"రాడమ్మా. అందులో మాట్టాడేది నాన్న కాదు, ఏరే ఆయన. నాన్న ఇంక రాడు."

పాప టీవీ వంక చూసింది. తల్లి వంక చూసింది. ఐదు నెలలుగా ఏడవని ఏడుపంతా ఒక్కసారే ఏడవడం మొదలుపెట్టింది. నాగమల్లేశ్వరి ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుని, ఊరుకోమనకుండా ఏడవనిచ్చింది.