కత్తి గీత

గిన్నెకు అడుగంటిన ఓట్స్ పెచ్చును మారియెట్ గీకుతూ ఉండగా, వెనక నుంచి భర్త వాల్టర్ అన్నాడు: "రేపు మార్కెట్ తెరవగానే అమ్మిపారెయ్. మీ చెల్లెలి షేర్లన్నీ."

చెల్లెలు జోసెట్ మార్చిలో పోయింది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. తాముండే వూస్టర్‌లోనే ఉన్న ఒక చిన్న కంపెనీ కొత్త మందును పరీక్షిస్తుంటే అందులో చేరింది. మూడో నెలలో ఒకరోజు మేడమెట్లన్నీ ఆగకుండా ఎక్కి, పైనుంచి అక్కకు ఫోన్ చేసి, మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపించింది. ఆ సంతోషంలోనే ఆ కంపెనీ షేర్లు కొని, అక్క పేర రాసింది.

మొన్న శుక్రవారం 'బూడిద గద్ద' అనే మారుపేరుతో ఒకడు ఆ మందు బూటకమంటూ ఇంటర్నెట్‌లో నలభై పేజీలు పెట్టాడు. షేరు ధర పడితే తనకు లాభం వచ్చేలా ముందే పందెం కాశానని చివర్లో వాడే ఒప్పుకున్నాడు. సాయంత్రానికి ధర సగమైంది.

"పందెం కాసినవాడి మాట కదా," అంది మారియెట్.

"ఇంతకుముందు మూడు కంపెనీల గుట్టు విప్పాడు. మూడూ నిజమే అయ్యాయి. నీకేం తెలుసని? ఇరవై రెండేళ్లు ల్యాబులో ఎలుకల మాంసం తరిగావు, అంతేగా!"

నవ్వుతూనే అన్నాడు. ల్యాబులో పెద్ద డాక్టరు కూడా నవ్వుతూనే అనేవాడు, "మారియెట్, నీ చేతులు బంగారం," అని. పరిశోధన వ్యాసం అచ్చయినప్పుడు ఆ చేతులున్న మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు.

ఆమె చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. డబ్బు గురించి కాదు ఆమె భయం. మందు అబద్ధమైతే, ఫోన్లో తాను విన్న ఆ ఊపిరి ఏమిటి?

కంపెనీ అచ్చువేసిన పరిశోధన వ్యాసం నుంచి గద్ద రెండు బొమ్మల ముక్కలు కత్తిరించి పక్కపక్కన పెట్టాడు. మందు ఇచ్చిన ఎలుక ఊపిరితిత్తి, ఇవ్వని ఎలుక ఊపిరితిత్తి. రెండింటిలోనూ ఒకేచోట సన్నని తెల్ల గీత, చుట్టూ ఎర్ర సున్నా. ఒకే బొమ్మను రెండుగా చూపారని ఆరోపణ. గీతలు నిజంగానే ఒకటి.

గద్ద కత్తిరించిన ముక్కలను వదిలి, మారియెట్ అసలు వ్యాసం తెరిచి బొమ్మలను పూర్తిగా చూసింది. చూసి, కుర్చీలో వెనక్కి వాలింది. ఎన్ని వేలు చూసినా అలవాటు కాని అందం అది: గులాబీరంగు జాలీలా, గాలి కోసమే పుట్టిన గదులు, ఒక్కో గోడా వెంట్రుకకన్నా పలచన. మైనంలో పొదిగిన కణజాలాన్ని కోసే కత్తి అంచు ఒకచోట విరిగితే, ఆ తర్వాత కోసిన ప్రతి పొరమీదా అదేచోట గీత పడుతుంది, ఎలుక మారినా సరే. గీత కత్తిది. గదులు మాత్రం ఎలుకవి. ఒక బొమ్మలోని ఏ ఒక్క గదీ రెండోదానిలో లేదు. ఒకదానిలో పొర మూలన చిన్న మడత. గోరువెచ్చని నీళ్లమీద తేలుతున్న పొరను కుంచెతో విప్పబోయి, చిరుగుతుందేమోనని ఎవరో ఆపేసిన మడత. తానైనా అక్కడే ఆపేది. ఎన్నడూ చూడని ఆ చేతికి ఎదురుగా మారియెట్ చాలాసేపు కదలకుండా కూర్చుంది.

తర్వాత గద్ద రాతకింద టైపు చేసింది. మందు పనిచేస్తుందో లేదో తనకు తెలియదని, మిగతా పేజీల సంగతీ తెలియదని, ఈ రెండు బొమ్మలు మాత్రం ఒకటి కావని, ఎందుకు కావో కూడా. కింద పూర్తి పేరు, చేసిన పని, చేసిన ఏళ్లు.

వాల్టర్ భుజంమీదుగా చదివాడు. "పేరు కూడా పెడతావా? నలభై వేలమంది వాణ్ణి నమ్ముతుంటే నిన్నెవరు నమ్ముతారు?"

"నమ్మమనలేదు వాల్టర్," అంది మారియెట్, పంపించి. "చూడమన్నాను."